నల్లగొండ ఓటు: మొదట భూమి, తర్వాత నీళ్లు

దేశ ఎన్నికల చరిత్రలో నల్లగొండ లోక్‌సభ స్థానం మాట వచ్చినప్పుడల్లా మూడు అంకెలు చెప్తారు. 1952లో రావి నారాయణరెడ్డికి పడిన 3,09,162 ఓట్లు. 1996లో బరిలో నిలిచిన 480 మంది అభ్యర్థులు. 2024లో కుందూరు రఘువీర్‌రెడ్డికి వచ్చిన 5,59,905 ఓట్ల మెజారిటీ. మొదటిది ఆ ఎన్నికల్లో దేశమంతటిలోకీ ఎక్కువ. అదే ఎన్నికల్లో జవాహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవి 2,33,571. మూడోది ఇటీవలిది, అందరికీ గుర్తున్నది. పత్రికలు మొదటిదాన్నీ మూడోదాన్నీ రికార్డులంటాయి, రెండోదాన్ని వింతంటాయి. నాకైతే ఈ మూడింట్లో బరువైనది ఆ రెండోదే.

1952 నుంచి 2024 దాకా ఇక్కడ 18 సాధారణ ఎన్నికలు జరిగాయి. తొలి రెండు ఎన్నికల్లో ఇది ఇద్దరు సభ్యుల స్థానం. అప్పట్లో జనరల్ సీటు గెలిచినవారినే లెక్కలోకి తీసుకుంటే, 18 సార్లలో కాంగ్రెస్ 8 సార్లు గెలిచింది. పీడీఎఫ్ పేరుతోనో సీపీఐ పేరుతోనో కమ్యూనిస్టులు 7 సార్లు గెలిచారు. తెలుగుదేశం రెండుసార్లు, తెలంగాణ ప్రజా సమితి ఒకసారి. పైనుంచి చూస్తే ఇది కాంగ్రెస్‌కూ ఎర్రజెండాకూ నడిచిన కుస్తీ. గెలిచినవాళ్ల జాబితా పక్కన పెట్టి, ఓటరు ఏమడిగాడని చూస్తే మాత్రం ఈ డెబ్బై ఏళ్లలో రెండే మాటలు వినిపిస్తాయి: ముందు దున్నుకునే భూమి, ఆ తర్వాత తాగే నీళ్లు. భూమి కావాలన్నప్పుడు జనం ఓటర్లుగా అడిగారు, గట్టిగానే వినిపించింది. నీళ్ల దగ్గరికొచ్చేసరికి ఓటు వేసి అడిగితే చాల్లేదు, తామే అభ్యర్థులై అడగాల్సి వచ్చింది. ఈ తేడా ఎందుకు వచ్చిందన్నదే ఈ స్థానం చరిత్రలో తేల్చుకోవలసిన ప్రశ్న.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకీకి బలయ్యాడు. కడవెండి ఉన్న జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలోదే. వెట్టికీ, గడీల పెత్తనానికీ ఎదురు తిరిగిన ఊళ్లలో ఆంధ్ర మహాసభను జనం ‘సంగం’ అని పిలుచుకున్నారు. 1948 సెప్టెంబర్‌లో నిజాం పాలన పోయింది. సైన్యం వచ్చాక కూడా సాయుధ పోరాటం మూడేళ్లు సాగి, 1951 అక్టోబర్ 21న ఆగింది. ఆ తర్వాత కొన్ని వారాలకే తొలి సార్వత్రిక ఎన్నికలు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో పోటీ చేశారు. కొన్ని నెలల కిందటి దాకా అడవుల్లో, జైళ్లలో ఉన్నవాళ్లు ఓట్లడగడానికి ఊళ్లలోకి వచ్చారు.

ఆ ఎన్నికల్లో ఓటు వేసే తీరే వేరు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద అతని గుర్తు అతికించి ఉండేది. కాగితం మీద ముద్ర వేసే పని లేదు. ఓటరు చాటుకు వెళ్లి, తనకు కావలసిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి వచ్చేవాడు. అక్షరం ముక్క రాని పాలేరుకు, జీవితంలో మొదటిసారి దొర కళ్ల ముందు కాకుండా చాటున ఒక నిర్ణయం తీసుకునే వీలు దొరికింది. 3,09,162 అన్న అంకెను అక్కడి నుంచి చూడాలి. ఇద్దరు సభ్యుల స్థానాల్లో ప్రతి ఓటరుకూ రెండు ఓట్లుండేవి కాబట్టి దాన్ని ఇవాళ్టి లెక్కలతో పోల్చలేం. నెహ్రూ నిలబడిందీ అలాంటి స్థానంలోనే కనుక ఆయనతో పోలిక మాత్రం నిలుస్తుంది. పార్లమెంటులోకి మొదటి అడుగు రావి నారాయణరెడ్డితోనే వేయించారని జిల్లాలో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

ఆయనతో పాటు అదే స్థానం నుంచి షెడ్యూల్డ్ కులాల రిజర్వుడు సీటులో సుంకం అచ్చాలు గెలిచారు. ఆయనదీ పీడీఎఫ్ టికెట్టే. రికార్డు గురించి రాసేవాళ్లలో ఎక్కువ మంది ఆయన పేరు వదిలేస్తారు. గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడవాల్సిన రోజులు ఇంకా మరుగున పడని జిల్లా నుంచి, దళితుడొకరు ఢిల్లీ వెళ్లి కూర్చోవడం ఆ రికార్డు కంటే చిన్న సంగతేమీ కాదు.

1957లో జనరల్ సీటు దేవులపల్లి వెంకటేశ్వరరావుది. ఇక్కడ కాసేపు ఆగాలి. సాయుధ పోరాటం ఆపాలా, కొనసాగించాలా అని పార్టీ రెండుగా చీలి వాదించుకున్న రోజుల్లో రావి నారాయణరెడ్డి ఆపాలన్న పక్షం, డీవీ కొనసాగించాలన్న పక్షం. జనం ఒకసారి ఆయన్ను పంపారు, తర్వాత ఈయన్ను పంపారు, 1962లో మళ్లీ రావి నారాయణరెడ్డిని సీపీఐ తరఫున పంపారు. పార్టీ కమిటీల్లో ఏళ్ల తరబడి తెగని ఆ తగువు ఓటరును పెద్దగా పట్టినట్టు లేదు. ఎవరి వల్ల వెట్టి పోయిందో, ఎవరి అండతో కౌలుదారు పొలంలో నిలబడగలిగాడో అదొక్కటే చూశాడు. 1949లో జాగీర్దారీ రద్దు, 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చాయి. అవి పూర్తిగా అమలు కాలేదన్నది నిజమే. కానీ భూమి అడిగిన ఓటుకు ఏదో ఒక జవాబైతే దొరికింది. చట్టాల వెనక పోరాటం ఉంది, పోరాటం వెనక ఓట్ల బలం ఉంది. ఆ మూడూ ఒకే వరుసలో నిలబడ్డ కాలం అది.

1964లో పార్టీ చీలిపోయింది. చీలిక దెబ్బ తెలంగాణలో ఎక్కడ గట్టిగా తగిలిందని ఎవరైనా అడిగితే నేను నల్లగొండ, మిర్యాలగూడ పేర్లే చెప్తాను. 1962 నుంచి జిల్లాలో మిర్యాలగూడ వేరే లోక్‌సభ స్థానం. అక్కడ 1971, 1984, 1991 ఎన్నికల్లో సీపీఎం తరఫున భీమిరెడ్డి నరసింహారెడ్డి గెలిచారు. దళాలు నడిపిన బీఎన్, తర్వాతి జీవితమంతా సూర్యాపేట, తుంగతుర్తి మెట్టలకు శ్రీరాంసాగర్ రెండో దశ నీళ్లు రావాలని తిరిగారు. నకిరేకల్ నుంచి నర్రా రాఘవరెడ్డి ఆరుసార్లు శాసనసభకు వెళ్లారు. ఇలా పక్కపక్కనే రెండు ఎర్రజెండాలు పాతుకున్నాయి, ఓట్లు రెండుగా పంచుకున్నాయి. ఆ సందులో నల్లగొండ లోక్‌సభ 1967లో మొదటిసారి కాంగ్రెస్‌కు పోయింది. గెలిచినవారు మహమ్మద్ యూనుస్ సలీం. తర్వాత కేంద్రంలో ఉపమంత్రిగా, బిహార్ గవర్నర్‌గా పనిచేశారు.

మధ్య కాలం త్వరగా చెప్పుకోవచ్చు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వేడి చల్లారకముందే వచ్చిన 1971 ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజా సమితి గెలిచింది, అందులో నల్లగొండ ఒకటి. గెలిచిన కంచర్ల రామకృష్ణారెడ్డి ఎవరి మీద గెలిచారో, ఆ కాంగ్రెస్‌లోనే కొద్ది నెలలకు ఆ పార్టీ కలిసిపోయింది. 1977లో మహమ్మద్ అబ్దుల్ లతీఫ్, 1980లో టి.దామోదర్‌రెడ్డి, ఇద్దరూ కాంగ్రెస్. 1984లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తే ఇక్కడ తెలుగుదేశం తరఫున ఎం.రఘుమారెడ్డి గెలిచారు. 1989లో చకిలం శ్రీనివాసరావుతో సీటు మళ్లీ కాంగ్రెస్‌కు వెళ్లింది. ఈ ఇరవై ఏళ్ల ఫలితాల్లో ఎక్కువ భాగం రాష్ట్రంలో వీచిన గాలే. నల్లగొండదే అయిన మాట వీటిలో నాకు వినిపించదు. ఆ మాట ఈలోగా భూమి అడుగున తయారవుతోంది.

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పచ్చబడ్డాయి. రైస్ మిల్లులు లేచాయి, సంతలు పెరిగాయి, చదువులు వచ్చాయి. దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ, చండూరు మెట్ట మీద ఉన్నాయి. ఆనకట్ట వాళ్ల జిల్లాలోనే కట్టారు, ముంపు వాళ్ల జిల్లాకూ వచ్చింది, నీళ్లు మాత్రం పల్లానికి పోయాయి. ఒకే జిల్లాలో ఒకచోట మూడో పంటకు నీళ్లు ఎలా పెట్టాలన్న చర్చ, ఇంకోచోట బిందె ఎక్కడ నింపాలన్న చర్చ. ఇలా రెండు రకాల ఊళ్లూ పక్కపక్కనే ఉన్నప్పుడు, ప్రచారంలో ఎవరి గొంతు పెద్దగా వినబడుతుందో వేరే చెప్పాలా?

మెట్ట ఊళ్ల కింద ఉన్నది రాతి నేల. ఆ రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది. ఎ.హెచ్.సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ ఎలా ఉందో పరిశీలించి రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది 1955లోనే, అంటే సాగర్‌కు పునాది వేసిన ఏడాదే. జబ్బూ మందూ ఒకే ఏడాది కాగితం మీదికి వచ్చాయి. మందు మాత్రం జబ్బున్న ఊరి దాకా రాలేదు. ఆ తర్వాత కరువులు పెరిగే కొద్దీ చేదబావులు ఎండి, చేతిపంపులు, బోర్లు లోతుకు పోయాయి. తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకపోతే మేలు, ఒకటిన్నర దాటకూడదు అన్నది ప్రమాణం. ఈ పల్లెల్లో ఎన్నో బోర్లు దాన్ని ఎన్నడో దాటేశాయి.

ఆ నీళ్లు చూడటానికి తేటగానే ఉంటాయి. వాసన లేదు, రంగు లేదు. పోల్చుకోవాలంటే మనుషుల్ని చూడాలి. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చే వయసులోనే పిల్లల పళ్ల మీద గోధుమరంగు గార అడ్డంగా గీతలు గీసినట్టు పడుతుంది. పెళ్లిచూపుల్లో నోరు తెరిచి నవ్వలేని ఆడపిల్లలు ఆ ఊళ్లలో తరాల తరబడి ఉన్నారు. ముప్పై దాటేసరికి మెడ తిప్పడం కష్టమవుతుంది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. కొందరికి చిన్ననాడే కాళ్లు వంకరపోతాయి, వెన్ను వంగిపోతుంది. కింద కూర్చున్నవాళ్లు లేవాలంటే గోడో, పక్క మనిషి భుజమో కావాలి. పోలింగ్ బూత్ దాకా నడవలేని మనిషి ఓటు హక్కు గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ వెన్నునీ, ఈ మోకాళ్లనీ కళ్ల ముందు పెట్టుకోవాలి.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీళ్ల నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి కనిపెట్టి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం కలిపి, తిప్పి, తేర్చి, పైనున్న నీళ్లు వంచుకోవాలి. ప్రపంచంలో ఎన్నో చోట్ల ఈ పద్ధతి వాడారు. చేసినవాళ్ల కృషిని తక్కువ చేయను. కానీ రోజూ కూలికి వెళ్లొచ్చిన తల్లి, పొద్దూకాక, తూకం వేసి పటిక కలిపి, గంటల తరబడి నీళ్లు తేరే దాకా కాచుకోవాలి. బురదను వేరే పారబోయాలి. ఒక్కరోజు తప్పితే మళ్లీ బోరు నీళ్లే. నది జిల్లా పక్క నుంచే పోతుంటే, ఇంటింటా ఒక ప్రయోగశాల నడపమనడం న్యాయంగా తోచదు నాకు.

1991లో సీపీఐ తరఫున బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. సూర్యాపేట మనిషి, గీత కార్మికుల నాయకుడు, అంతకు ముందే మూడుసార్లు శాసనసభలో ఉన్నవారు. 1952 తరం వాసన ఇంకా మిగిలి ఉన్న నేత. అయినా 1991 తర్వాతి సీపీఐ గెలుపులను 1952 నాటి గెలుపుల పక్కన కూర్చోబెట్టకూడదు. 1991, 1996, 1998లో పొత్తు తెలుగుదేశంతో. 1999లో తెలుగుదేశం బీజేపీతో జతకట్టింది, వామపక్షాలు విడిపోయాయి, సీటు తెలుగుదేశం అభ్యర్థి గుత్తా సుఖేందర్‌రెడ్డికి వెళ్లింది. 2004లో కాంగ్రెస్‌తో పొత్తు కుదిరింది, సీపీఐ నేత సురవరం సుధాకర్‌రెడ్డి రెండోసారి గెలిచారు. 2009లో మహాకూటమి తరఫున నిలబడితే, కాంగ్రెస్‌లోకి మారిన గుత్తా చేతిలో ఓడిపోయారు. జెండా జనం చేతిలో ఉన్న కాలం నుంచి, జెండా పొత్తుల బల్ల మీదికి చేరిన కాలానికి ఈ పార్టీ ఇలా నడిచింది. ఈ మాట బాధతోనే రాస్తున్నాను. ఆ ఎంపీలు పార్లమెంటులో నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడలేదని కాదు. మాట్లాడినా ఎవరూ వినలేదు. ఊరు ఊరంతా కదిలే బలం వెనక లేనప్పుడు, ఒక్క ఎంపీ ప్రశ్న ప్రశ్నోత్తరాల కాగితాల్లోనే ఉండిపోతుంది.

ఆ నేపథ్యంలో 1996 వచ్చింది. బ్యాంకు ఉద్యోగం వదిలేసి నీళ్ల కోసం తిరిగిన దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి ఊళ్లలో ఒక మాట చెప్పింది: ఓటెవరికి వేయాలని కాదు, మనమే నామినేషన్లు వేద్దామని. అప్పట్లో లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 250. 1951 చట్టంలో రాసిన ఆ మొత్తం 45 ఏళ్లుగా అలాగే ఉంది. పోలైన ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ డబ్బు పోతుంది. మెట్ట పల్లె కూలీకి 500 అంటే ఎన్ని రోజుల కష్టమో ఊహించుకోవచ్చు. పోతుందని తెలిసే కట్టారు. గెలవమనీ తెలుసు. చివరికి బరిలో మిగిలినవారు 480 మంది.

ఆ బ్యాలెట్‌ను ఒకసారి కళ్ల ముందు పెట్టుకుందాం. అప్పటికి ఓటింగ్ యంత్రాలు ఇక్కడికి రాలేదు. మామూలు బ్యాలెట్ అరచేయంత వెడల్పు కాగితం. పేరు, గుర్తు, పేరు, గుర్తు, కింద దాకా పదో పదిహేనో. 480 పేర్లు అలా పట్టవు. బ్యాలెట్ కాస్తా పుస్తకమైంది. పైగా అప్పటి నిబంధన ప్రకారం గుర్తింపు పొందిన పార్టీల వాళ్లను ముందు రాసే పద్ధతి లేదు, అందరి పేర్లూ ఒకే అక్షర క్రమంలో. అంటే కంకి కొడవలి ఎక్కడో ఒక పుటలో, చేతి గుర్తు ఇంకెక్కడో. 480 గుర్తులు వెతికి కేటాయించడమే ఎన్నికల సంఘానికి ఒక పరీక్ష. చూపు ఆనని ముసలామె ఆ పుటలు తిప్పుకుంటూ తన గుర్తు వెతుక్కుని, ముద్ర కొట్టి, సిరా ఆరనిచ్చి, మడిచి పెట్టెలో వేయాలి. మడిచినా పెట్టె సందులో దూరాలి. లెక్కింపులో ఒక్కో ఓటుకూ ఇవే పుటలు మళ్లీ తిప్పాలి.

దేశం ఆ బ్యాలెట్‌ను చూసింది. నల్లగొండలో ఫ్లోరైడ్ ఉందని 1955లో వైద్య పత్రిక చెప్పినప్పుడు వినని దేశం, నల్లగొండ బ్యాలెట్ పుస్తకమంత ఉందన్నప్పుడు విన్నది. ఫలితం మామూలే. పొత్తు బలంతో ధర్మభిక్షం మళ్లీ గెలిచారు, నిలబడినవాళ్లలో దాదాపు అందరి డిపాజిట్లూ పోయాయి. కానీ ఆ ఎన్నికలను గెలుపోటముల పట్టికలో చదివితే తప్పు చదివినట్టే. అన్ని వందల మంది ఓడిపోవడానికి కాదు నిలబడ్డది. దరఖాస్తు పెట్టుకోవడానికి వేరే కాగితం దొరక్క బ్యాలెట్‌నే దరఖాస్తు చేశారు. 1952లో ఓటరు చాటున పెట్టెలో వేసిన కాగితం మీద పేరు లేదు. 1996లో వందల మంది తమ పేరు అచ్చు వేయించుకుని ఢిల్లీకి పంపారు.

అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది, కర్ణాటకలోని బెళగావి లోక్‌సభ స్థానంలో 456 మంది నిలబడ్డారు. దేశం మొత్తం మీద ఆ లోక్‌సభ ఎన్నికల్లో అభ్యర్థులు 13,952 మంది. ప్రభుత్వం స్పందించిన వేగం చెప్పుకోదగింది. ఆ ఏడాదే ప్రజాప్రాతినిధ్య చట్టం సవరించారు. డిపాజిట్ 500 నుంచి 10,000కు, ఎస్సీ, ఎస్టీలకు 5,000కు పెరిగింది. గుర్తింపు లేని అభ్యర్థిని ప్రతిపాదించడానికి ఒకరికి బదులు పది మంది సంతకాలు కావాలన్నారు. బ్యాలెట్‌లో ముందు గుర్తింపు పొందిన పార్టీలు, చివర స్వతంత్రులు అని వరుస మార్చారు. 1998లో అభ్యర్థుల సంఖ్య 4,750కి పడిపోయింది. ఇవాళ డిపాజిట్ 25,000. ఎన్నికలు సజావుగా సాగడానికి ఈ మార్పుల్లో కొన్ని అవసరమేనని ఒప్పుకుంటాను. ఎవరూ 480 పేర్ల బ్యాలెట్‌తో ప్రతిసారీ ఎన్నిక నడపలేరు. కానీ ఎందుకు అన్ని పేర్లు వచ్చాయన్న ప్రశ్నకూ, ఇక రాకుండా ఏం చేయాలన్న ప్రశ్నకూ వచ్చిన జవాబుల మధ్య ఎడం చూడండి. రెండోదానికి నెలల్లో చట్టం వచ్చింది. మొదటిదానికి జవాబు ఏళ్లకేళ్లు సాగింది.

ఆ పెంచిన డిపాజిట్ కూడా ఈ దారిని పూర్తిగా మూయలేదు. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు 25,000 రూపాయల చొప్పున కట్టి నామినేషన్లు వేస్తే మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు. ఒక్కో యంత్రం మీద 16 గళ్లే ఉంటాయి కనుక, ఒక్కో బూత్‌లో పన్నెండు యంత్రాలు వరుసగా పేర్చాల్సి వచ్చింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. నల్లగొండ వేసిన బాట అది.

నల్లగొండకు కృష్ణ నీళ్లు మెల్లగా వచ్చాయి. సాగర్ వెనక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి మెట్టకు మళ్లించే పథకం నడిచింది. పానగల్లు దగ్గరి ఉదయసముద్రం నిండింది. తాగునీటి పైపులు ఒక్కో మండలానికీ చేరాయి. రాష్ట్రం ఏర్పడ్డాక మిషన్ భగీరథ పైలాన్ కట్టింది కూడా అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న చౌటుప్పల్‌లో, 2015లో. నల్లా తిప్పితే కృష్ణ నీళ్లు వచ్చే వాకిళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి, బడికి పోయే పిల్లల పళ్లు వాళ్ల తల్లిదండ్రుల పళ్ల కంటే తెల్లగా ఉన్నాయి. ఇది చిన్న మార్పు కాదు, ఏ ప్రభుత్వం వాటా ఎంతన్న తగువు కంటే ఆ పిల్లల నవ్వు నాకు ముఖ్యం. వంగిన వెన్ను మాత్రం నీళ్లు మారినా నిటారు కాదు.

2008 పునర్విభజన ఈ కథలో పెద్ద మలుపు, దాని గురించి తక్కువ మంది మాట్లాడతారు. మిర్యాలగూడ స్థానం రద్దయింది, భువనగిరి కొత్తగా వచ్చింది. ఇప్పుడు నల్లగొండ లోక్‌సభ కింద దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ అనే ఏడు అసెంబ్లీ స్థానాలున్నాయి. అంటే కాలువ కింది ఊళ్ల పట్టు పెరిగింది. నల్లగొండ పేరుతోనే దేశం ఎరిగిన మర్రిగూడ, చండూరు, మునుగోడు ఫ్లోరైడ్ పల్లెలు ఇవాళ ఓటు వేసేది నల్లగొండ ఎంపీకి కాదు, భువనగిరి ఎంపీకి. జబ్బుకు మిగిలిన పేరు ఒకచోట, రోగి ఇంకోచోట.

కొత్త హద్దుల్లో జరిగిన నాలుగు ఎన్నికలూ కాంగ్రెస్‌వే. 2009, 2014లో గుత్తా, 2019లో ఉత్తమ్‌కుమార్‌రెడ్డి, 2024లో రఘువీర్‌రెడ్డి. రాష్ట్రం తెచ్చి పదేళ్లు ఏలిన టీఆర్ఎస్ ఈ స్థానాన్ని ఒక్కసారీ ఓట్లతో గెలవలేదు. 2016లో గుత్తా ఆ పార్టీలోకి వెళ్లారు, అది వేరు. 2018 డిసెంబర్‌లో ఇక్కడి ఏడు అసెంబ్లీ స్థానాల్లో ఆరు టీఆర్ఎస్ గెలుచుకుంది. ఆరు నెలలు తిరక్కుండానే లోక్‌సభకు ఉత్తమ్ 25,682 ఓట్లతో గెలిచారు. నల్లగొండ ఓటరుకు హైదరాబాద్‌కు పంపే మనిషి వేరు, ఢిల్లీకి పంపే మనిషి వేరు. 2024 నాటి 5,59,905 అంత పెద్దగా కనబడటానికి సగం కారణం ఎదుటి పక్షం చెదిరిపోవడం. 2019లో హుజూర్‌నగర్ ఉపఎన్నిక టీఆర్ఎస్ తరఫున గెలిచిన శానంపూడి సైదిరెడ్డే ఈసారి బీజేపీ అభ్యర్థిగా రెండో స్థానంలో నిలిచారు, పేరు మార్చుకుని బీఆర్ఎస్ అయిన టీఆర్ఎస్ మూడో స్థానానికి జారింది. 1952 అంకె వెనక ఐదేళ్ల పోరాటం ఉంది. ఈ అంకె వెనక అలాంటి ఒక్క డిమాండు పేరు చెప్పమంటే నేను చెప్పలేను.

ఎవర్ని పంపారన్నదాంతో పాటు ఎవర్ని పంపలేదన్నదీ చూడాలి. ఈ 18 ఎన్నికల్లో నల్లగొండ నుంచి ఒక్క మహిళ కూడా లోక్‌సభకు వెళ్లలేదు. మల్లు స్వరాజ్యం, ఆరుట్ల కమలాదేవి తుపాకి పట్టి నడిచిన జిల్లా ఇది. ఇద్దరూ శాసనసభ దాకా వెళ్లారు, అక్కడితో సరి. ఇద్దరు ముస్లింలు గెలిచారు, ఇద్దరూ 1980కి ముందే. గీత కార్మికుల ఇంట పుట్టిన ధర్మభిక్షం తర్వాత, 1998 నుంచి 2024 దాకా ఏడు ఎన్నికల్లోనూ గెలిచినవారంతా ఒకే సామాజిక వర్గం. ఇవాళ సీనియర్ నేత జానారెడ్డి ఒక కుమారుడు ఎంపీ, ఇంకో కుమారుడు సాగర్ ఎమ్మెల్యే. ఉత్తమ్ హుజూర్‌నగర్ ఎమ్మెల్యే, ఆయన భార్య కోదాడ ఎమ్మెల్యే. వాళ్లను జనమే ఎన్నుకున్నారు, అందులో సందేహం లేదు. కానీ సుంకం అచ్చాలు దగ్గర మొదలైన వరుస ఎక్కడ తెగిందో వెతకాల్సిన బాధ్యత అన్ని పార్టీల మీదా ఉంది, ముఖ్యంగా ఆ వరుసను మొదలుపెట్టిన పార్టీల మీద.

నీళ్ల మాటకే మళ్లీ వస్తాను, ఎందుకంటే అది ఇంకా అయిపోలేదు. ఎత్తిపోతల కరెంటు ఖర్చు లేకుండా, శ్రీశైలం జలాలు వాటంతట అవే పారి నల్లగొండ మెట్టకు చేరాలన్నది ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం ఉద్దేశం. అలిమినేటి మాధవరెడ్డి పేరు పెట్టారు దానికి. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం, 2005లో పని అప్పగించారు. వైఎస్ రాజశేఖరరెడ్డి నుంచి ఇప్పటిదాకా ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రం మారింది, నల్లగొండ ఎంపీలు మారారు. ప్రతి ఎన్నికల ప్రచారంలో ఆ సొరంగం ఉంది. 2023 డిసెంబర్‌లో ఎంపీ పదవి వదిలి రాష్ట్ర నీటిపారుదల మంత్రి అయింది కూడా నల్లగొండ మనిషే, ఉత్తమ్‌కుమార్‌రెడ్డి. ఆగిన పని మళ్లీ కదిలింది.

2025 ఫిబ్రవరి 22 పొద్దున దోమలపెంట వైపు సొరంగం లోపల పైకప్పు కూలింది. బురద, నీళ్లు, రాళ్లు తోసుకొచ్చి యంత్రాన్ని కప్పేశాయి. ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. సైన్యం, గని కార్మికులు, జాగిలాలు వారాల తరబడి వెతికినా ఇద్దరి మృతదేహాలే బయటికి తీయగలిగారు. ఆ ఎనిమిది మందిలో జార్ఖండ్ వాళ్లున్నారు, ఉత్తరప్రదేశ్ వాళ్లున్నారు, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చినవాళ్లున్నారు. నల్లగొండ నీళ్ల కోసం కొండ లోపలికి వెళ్లిన ఆ ఎనిమిది మందిలో నల్లగొండలో ఓటున్న మనిషి ఒక్కరూ లేరు.